నిష్పత్తి, రాబడి కలిసిన డేటా సఫిషియన్సీ లెక్కల్లో ప్రతిసారీ ‘సి’ పెట్టేస్తున్నాను, ఎక్కడ తప్పుతున్నాను?

కదిరి కుర్రోడు (మారతహళ్ళి)

అందరికీ నమస్కారం. మాది కదిరి. బెంగళూరు మారతహళ్ళిలో పీజీ హాస్టల్లో ఉంటూ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తున్నాను. జీమ్యాట్‌కి, అంటే ఎంబీఏలో చేరడానికి రాసే పరీక్షకి, ఇంకా ఆరు వారాలుంది. పొద్దున తొమ్మిదికి బయల్దేరితే రాత్రి ఎనిమిదికి గానీ రూముకి చేరను. అన్నం తిని కూర్చుంటే చదువుకి దొరికేది తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా. అందులో సగం ఈ ఒక్క రకం లెక్కలకే పోతోంది.

మొన్న ఆదివారం మాక్ రాశాను. డేటా సఫిషియన్సీ ఏడు వచ్చాయి, నాలుగు తప్పు. నాలుగూ నిష్పత్తి, రాబడి కలిసొచ్చినవే. మూడింట్లో నేను పెట్టింది సి. కోచింగులో అడిగితే "చేస్తా ఉంటే అదే వస్తుంది" అన్నారు. రెండు నెలలుగా చేస్తూనే ఉన్నాను, రావడం లేదు.

ఈ రకం లెక్కలు చూడని వాళ్ళ కోసం ఒక్క ముక్క. ప్రశ్న కింద రెండు స్టేట్‌మెంట్లు ఇస్తారు. జవాబు కట్టక్కర్లేదు, కట్టడానికి సమాచారం చాలుతుందా లేదా చెప్తే చాలు. మొదటిది ఒక్కటే చాలితే ఏ, రెండోది ఒక్కటే చాలితే బి, రెండూ కలిపితేనే చాలితే సి, దేనికది విడిగా చాలితే డి, రెండూ కలిపినా చాలకపోతే ఈ.

తప్పిన వాటిలో రెండు, అంకెలు మార్చి రాస్తున్నాను.

మొదటిది. ఒక షాపులో పోయిన నెల అమ్ముడైన షర్టులకీ ప్యాంట్లకీ నిష్పత్తి 5:3. ఈ రెండే అమ్ముతారు, అన్ని షర్టులకీ ఒకే ధర, అన్ని ప్యాంట్లకీ ఒకే ధర. మొత్తం రాబడిలో షర్టుల వాటా ఎంత?
స్టేట్‌మెంట్ 1: ప్యాంటు ధర షర్టు ధరకి రెట్టింపు.
స్టేట్‌మెంట్ 2: ఆ నెల మొత్తం రాబడి 44,000 రూపాయలు.

నేను సి పెట్టాను. రూపాయల్లో ఏదో ఒకటి తెలియకుండా రాబడి సంగతి ఎలా చెప్తాం అనుకున్నాను. కీలో ఏ ఉంది.

రెండోది. ఒక కంపెనీకి రెండు బ్రాంచీలు. ఈ ఏడు మొదటి బ్రాంచి రాబడి 20 శాతం, రెండోదాని రాబడి 10 శాతం పెరిగాయి. మొత్తం కంపెనీ రాబడి ఎంత శాతం పెరిగింది?
స్టేట్‌మెంట్ 1: పోయిన ఏడు రెండు బ్రాంచీల రాబడి నిష్పత్తి 3:2.
స్టేట్‌మెంట్ 2: ఈ ఏడు ఆ నిష్పత్తి 18:11.

ఇక్కడ ఏ పెట్టాను. పెరగకముందు నిష్పత్తి కదా కావాల్సింది, పెరిగిన తర్వాతది దేనికి అనుకున్నాను. కీలో డి.

కీ చూశాక రెండూ అర్థమవుతున్నాయి. పరీక్షలో కూర్చున్నప్పుడు ఎందుకు తట్టదో అదే తెలియడం లేదు. ఎవరైనా చెప్పండి.

---

రాత్రి షిఫ్టు (హెబ్బాళ)

బ్రో, నేను పోయిన ఏడాది రాశాను. నాకు పనికొచ్చింది చెప్తా.

ఒకటో స్టేట్‌మెంట్ చదివేటప్పుడు రెండోదాని మీద చెయ్యి పెట్టి మూసెయ్. స్క్రీన్ మీద నిజంగానే అరచెయ్యి పెట్టు, సిగ్గుపడొద్దు. ఒకటోది చాలితే మిగిలేవి ఏ, డి. చాలకపోతే బి, సి, ఈ. తర్వాత ఒకటోదాన్ని పూర్తిగా మర్చిపోయి రెండోదాన్ని ఒంటరిగా చూడు. రెండూ విడివిడిగా చాలనప్పుడే కలపాలి. నువ్వు రెండూ ఒకేసారి చదివేసి కలిపేస్తున్నావు, అందుకే సి.

టైము సంగతి కూడా. 2023 నవంబరులో పరీక్ష కొత్త రూపం వచ్చాక ఇవి లెక్కల సెక్షనైన క్వాంట్‌లోంచి డేటా ఇన్‌సైట్స్‌లోకి వెళ్ళాయి. 20 ప్రశ్నలకి 45 నిమిషాలు, అంటే ఒక్కోదానికి రెండుంబావు నిమిషాలు. పట్టికలూ గ్రాఫులూ ఎక్కువ తింటాయి కాబట్టి వీటిని నిమిషంన్నరలో తేల్చెయ్యాలి. ఆ సెక్షన్లో కాలిక్యులేటర్ ఇస్తారు, కానీ వీటికి దాన్ని తెరిచావంటే ఎక్కడో దారి తప్పినట్టే.

ఇంకో రూలు గుర్తుపెట్టుకో: తెలియనివి రెండుంటే సమీకరణాలు రెండు కావాలి. ఒక్కటే ఉంటే చాలదు.

---

గల్లా అక్క (కగ్గదాసపుర)

తమ్ముడూ, చెయ్యి అడ్డం పెట్టమన్న మాట బంగారం, అది పాటించు. చివరి రూలు మాత్రం నమ్మొద్దు. అది సగం నిజం, ఆ సగం నిజమే నీచేత సి పెట్టిస్తోంది.

నేను టీచర్ని కాదు. మదనపల్లెలో బీఎస్సీ మ్యాథ్స్ చదివి, పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చాను. మాకు చిన్న దర్శిని, అంటే టిఫిన్ హోటల్ ఉంది. పదకొండేళ్ళుగా గల్లా దగ్గర కూర్చునేది నేనే. మా మరిది బ్యాంకు పరీక్షలకి చదువుతున్నప్పుడు ఈ రకం లెక్కలు రాత్రిపూట నేనే కూర్చోబెట్టి చెప్పాను. వాడూ నీలాగే సి, సి, సి.

వాడికి చెప్పిందే నీకూ చెప్తాను. "ఇది చాలుతుందా?" అని అడుక్కోకు. "ఇచ్చిన మాటలన్నీ నిజమయ్యేలా నేను రెండు వేర్వేరు రోజులు, అంటే వేర్వేరు అంకెలతో రెండు ఉదాహరణలు, కట్టగలనా? ఆ రెండు రోజుల్లో జవాబు వేరువేరుగా వస్తుందా?" అని అడుక్కో. వేరువేరుగా వస్తే చాలదు. ఎన్ని రోజులు కట్టినా జవాబు అదే వస్తోందంటే చాలినట్టే.

నీ షర్టుల లెక్క నాకు ఇడ్లీ, దోసెలుగా కనిపిస్తోంది, అట్లాగే చెప్తాను. ఐదు ప్లేట్ల ఇడ్లీకి మూడు దోసెలు పోతున్నాయి. దోసె రేటు ఇడ్లీకి రెట్టింపు. ఒకరోజు ఇడ్లీ 10 రూపాయలే అనుకో: ఇడ్లీ మీద 50, దోసె మీద 60. ఇంకోరోజు ఇడ్లీ 40, జనం పదింతలు: ఇడ్లీ మీద 2,000, దోసె మీద 2,400. రెండు రోజులూ ఇడ్లీ వాటా పదకొండింట ఐదు. రేటు మారినా, జనం మారినా కదలడం లేదు. అడిగింది వాటా కాబట్టి రూపాయితో పని లేదు. రెండో స్టేట్‌మెంట్ ఒక్కటే తీసుకుంటే రేట్లు మన ఇష్టం, ఎన్ని రోజులైనా కట్టొచ్చు, వాటా ఒక్కోరోజు ఒక్కోలా వస్తుంది. అందుకే ఏ.

అదే ప్రశ్నలో ఒక్క మాట మార్చి "షర్టుల మీద వచ్చిన రాబడి ఎంత?" అని అడిగితే జవాబు సి అవుతుంది. 44,000లో పదకొండింట ఐదు, 20,000. స్టేట్‌మెంట్లు అవే, నిష్పత్తి అదే. నువ్వు సి పెట్టినప్పుడు నీ మనసులో ఉన్నది ఈ రెండో ప్రశ్న. పేపర్లో ఉన్నది మొదటిది. కాబట్టి స్టేట్‌మెంట్ల జోలికి పోకముందే అడిగింది వాటానా, రూపాయలా అని పక్కన రాసుకో. ఒక్క అక్షరం చాలు, ‘వా’ లేదా ‘రూ’. మా మరిది అట్లా రాయడం మొదలుపెట్టాకే కుదురుకున్నాడు.

బ్రాంచీల లెక్కలో నువ్వు పొరబడింది ఇంకోచోట. నిష్పత్తికి ముందుకీ వెనక్కీ నడవడం తెలుసు, శాతాలు చేతిలో ఉంటే. పోయిన ఏడు 3 లక్షలు, 2 లక్షలు అనుకో. 60 వేలు, 20 వేలు పెరిగాయి. ఐదు లక్షల మీద 80 వేలు, 16 శాతం. ఇప్పుడు ఈ ఏటి 18:11 తీసుకో. 18ని 1.2తో భాగించు, 15. 11ని 1.1తో భాగించు, 10. 15:10 అంటే 3:2 మళ్ళీ అదే. పెరిగిన తర్వాతది ఇచ్చినా పెరగకముందుది ఇచ్చినట్టే.

ఇది శాతాలకే కుదురుతుంది, జాగ్రత్త. "రెండు బ్రాంచీలూ చెరొక లక్ష పెరిగాయి, పోయిన ఏటి నిష్పత్తి 3:2, ఇప్పటి నిష్పత్తి ఎంత?" అని అడిగితే చెప్పలేం. 3 లక్షలు, 2 లక్షలైతే ఇప్పుడు 4:3. 30 లక్షలు, 20 లక్షలైతే 31:21. రెండు రోజులు కట్టేశాం, జవాబులు రెండొచ్చాయి. రూపాయల్లో కలిపితే నిష్పత్తి చెదిరిపోతుంది.

ఇక ఆ రెండు సమీకరణాల రూలు సంగతి. పోయిన శ్రావణంలో ఒకరోజు పొద్దున ఏడింటికి బిల్లు మిషన్లో రోలు అయిపోయింది. కొత్త రోలు తేవడానికి కుర్రాణ్ణి పంపి, వచ్చినవాళ్ళ దగ్గర నోటితోనే ఆర్డర్ తీసుకున్నాం. మామూలుగా అయితే చీటీ చింపి ఇస్తాం, లోపల దోసె మాస్టరు దాన్ని ఇనుప కమ్మికి గుచ్చుతాడు, సాయంత్రం కమ్మి మీద చీటీలు లెక్కపెట్టి అతనికి దోసెల మీద రావాల్సింది కట్టిస్తాను. ఆ అరగంటకి చీటీలు లేవు. నా ఫోన్లో డబ్బు పడిన మొత్తాలు మాత్రం ఉన్నాయి. అప్పటికి వడ ఇంకా దిగలేదు, కాఫీ కౌంటరు లెక్క వేరు. ఇడ్లీ ప్లేటు 40, దోసె 70, రెండే.

మొదటి మొత్తం 370. ఇడ్లీ ఎన్ని, దోసె ఎన్ని? ఆ రూలు ప్రకారం ఒక్క సమీకరణం, తెలియనివి రెండు, తేలకూడదు. సున్నా తీసేస్తే ఇడ్లీకి నాలుగు చొప్పున, దోసెకి ఏడు చొప్పున కలిసి 37 కావాలి. దోసె ఒకటైతే 30 మిగులుతుంది, నాలుగుతో పోదు. రెండైతే 23, పోదు. మూడైతే 16, నాలుగు ఇడ్లీలు. నాలుగైతే 9, ఐదైతే 2, రెండూ పోవు. దోసె లేకపోతే 37, అదీ పోదు. ఒక్కటే దారి: నాలుగు ఇడ్లీ, మూడు దోసె. అర దోసె ఎవరికీ అమ్మం కదా. పూర్తి సంఖ్యలే అన్న ఆ షరతే రెండో సమీకరణం పని చేసింది.

తర్వాతి మొత్తం 390. ఇక్కడ తేల్లేదు. ఎనిమిది ఇడ్లీ, ఒక దోసె అయినా 390. ఒక ఇడ్లీ, ఐదు దోసెలైనా 390. మాస్టర్ని పిలిచి అడిగాను. "ఒకే టేబుల్‌కి ఐదు వేశానక్కా, పెనం నిండా" అన్నాడు. అప్పుడు తేలింది.

ఇప్పుడు దీన్నే పేపర్లో ఎట్లా ఇస్తారో చూడు. "ఇడ్లీ ప్లేటు 40, దోసె 70. దోసెలెన్ని అమ్మారు? స్టేట్‌మెంట్ 1: మొత్తం రాబడి 370. స్టేట్‌మెంట్ 2: ఇడ్లీ ప్లేట్లకీ దోసెలకీ నిష్పత్తి 4:3." నిష్పత్తి చూడగానే చెయ్యి సి మీదికి పోతుంది, రెండూ కలిపితే చక్కగా వచ్చేస్తుంది కాబట్టి. కానీ ఒకటోది ఒక్కటే చాలు. జవాబు ఏ. 370 బదులు 390 పెట్టి, నిష్పత్తి 1:5 ఇస్తే సి. ఒక అంకె మారితే జవాబు మారిపోయింది. కాబట్టి మనుషులు, ప్లేట్లు, టిక్కెట్లు, పెన్నులు, ఇట్లా ముక్కలు చేయలేనివి కనపడితే ఆగి, కూర్చుని, ఒక్కొక్కటీ వేసి చూడాల్సిందే. అక్కడ నిమిషంన్నర కాదు, రెండు నిమిషాలూ ఖర్చు పెట్టు.

---

రాత్రి షిఫ్టు (హెబ్బాళ)

అక్కా, ఒప్పుకుంటున్నా. ఆ రూలు పట్టుకునే నేనూ ఒక ప్రశ్న పోగొట్టుకున్నానేమో ఇప్పుడనిపిస్తోంది. బరువులు, లీటర్ల లెక్కయితే నా రూలు పనిచేస్తుంది కదా?

---

గల్లా అక్క (కగ్గదాసపుర)

చాలావరకు. పాలు 2.3 లీటర్లు ఉండొచ్చు కాబట్టి పూర్తి సంఖ్యల షరతు అక్కడ లేదు. కానీ అప్పుడు కూడా అడిగింది నిష్పత్తే అయితే రెండు సమీకరణాలు అక్కర్లేదు. 3పా = 5నీ అని ఒక్కటి ఇస్తే పాలకీ నీళ్ళకీ నిష్పత్తి 5:3 అని తేలిపోతుంది, లీటర్లు ఎన్నైనా కానీ.

---

జయనగర పెన్షనర్

నేను బ్యాంకులో ముప్ఫై రెండేళ్ళు చేసి రిటైరయ్యాను. మా మనవరాలికి ఇవి చెప్తున్నాను కాబట్టి చదివాను. ఆ అమ్మాయి చెప్పినలాంటి పూర్ణాంకాల లెక్కలు తేల్చడానికి మన దగ్గర పాత పద్ధతి ఒకటుంది, కుట్టకం. ఆర్యభటుడి నుంచీ వస్తున్నదే.

బాబూ, నాదొక్క మాట. జీమ్యాట్‌లో రెండు స్టేట్‌మెంట్లు ఎప్పుడూ ఒకదానికొకటి విరుద్ధంగా ఉండవు. ఇది నీ తప్పు నువ్వే పట్టుకోడానికి పనికొస్తుంది. బ్రాంచీల లెక్కలో మొదటి స్టేట్‌మెంటుతో 16 శాతం వచ్చి, రెండోదానితో ఇంకేదో వస్తే, లెక్కలో ఎక్కడో చెయ్యి జారిందని అర్థం. రెండూ అదే 16 ఇవ్వాలి.

రెండు స్టేట్‌మెంట్లు ఒకే మాటని రెండు రకాలుగా చెప్తున్నాయేమో కూడా చూసుకో. "కాఫీ రాబడికీ టీ రాబడికీ నిష్పత్తి 3:2" అన్నా, ఆ రెండే అమ్మే చోట "మొత్తంలో కాఫీ 60 శాతం" అన్నా ఒకటే. అట్లాంటి జంట వస్తే సి రానే రాదు. రెండోది మొదటిదానికి కొత్తగా ఏమీ కలపదు కదా. అయితే డి, లేకపోతే ఈ. మా మనవరాలు ఇక్కడే ఎక్కువసార్లు ఇరుక్కుంది.

---

కదిరి కుర్రోడు (మారతహళ్ళి)

అక్కా, పెద్దాయనా, బ్రో, ముగ్గురికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి తప్పిన నాలుగూ మళ్ళీ చేశాను. ముందు ‘వా’, ‘రూ’ రాసుకుని, తర్వాత రెండు రోజులు కట్టి చూశాను. మూడు వచ్చాయి. నాలుగోది మాత్రం మళ్ళీ తప్పింది. అది పెద్దాయన చెప్పిన కాఫీ, టీ లెక్కకి దగ్గరగానే ఉంది.

అమ్మిన కాఫీలకీ టీలకీ నిష్పత్తి 3:2, ఆ రెండే అమ్ముతారు. టీ కంటే కాఫీ ధర ఎక్కువా?
స్టేట్‌మెంట్ 1: మొత్తం రాబడిలో కాఫీది 60 శాతం.
స్టేట్‌మెంట్ 2: కాఫీ ధర 20 రూపాయలు.

ఒకటోదానితో రాబడి నిష్పత్తి 3:2, కప్పుల నిష్పత్తీ 3:2. అంటే రెండిటి ధరా ఒకటే. కాఫీ ధర ఎక్కువ కాదు. జవాబు "కాదు" అని వచ్చింది కాబట్టి ఒకటోది చాలదని కొట్టేసి, చివరికి ఈ పెట్టాను. కీలో ఏ ఉంది. ఇక్కడ నా ఆలోచన ఎక్కడ తప్పింది?

---

గల్లా అక్క (కగ్గదాసపుర)

లెక్కలో ఎక్కడా తప్పలేదు తమ్ముడూ, చివరి అడుగులో తప్పింది. "కాదు" అన్నది కూడా జవాబే. ఎన్ని రోజులు కట్టినా "కాదు" అనే వస్తోందా? వస్తోంది. అయితే చాలింది. ఒకరోజు "అవును", ఒకరోజు "కాదు" వస్తేనే చాలనట్టు. మా మాస్టర్ని "వడ అయిందా?" అంటే "కాలేదు" అంటాడు. నాకు తెలియాల్సింది తెలిసిపోయింది, కస్టమర్‌కి చెప్పేస్తాను. "ఏమో అక్కా, చూడాలి" అంటేనే నాకు సమాచారం చాలనట్టు.

అవునా కాదా అని అడిగే ప్రశ్నలకి ‘వా’, ‘రూ’ బదులు ‘అ/కా’ అని రాసుకో. లెక్క తేలాక అందులో ఏది వచ్చినా దాని చుట్టూ గుండ్రంగా గీసి, చాలింది అనుకుని ముందుకి వెళ్ళిపో.

నీకు ఒకటి ఇస్తాను, రేపు రాత్రికి చేసి పెట్టు. మా రేట్లే, ఇడ్లీ 40, దోసె 70. బిల్లు 480 అయింది. ఈ ఒక్క మాటతో దోసెలెన్నో చెప్పగలమా?

---

కదిరి కుర్రోడు (మారతహళ్ళి)

రేపటిదాకా ఆగలేదక్కా, క్యాబ్‌లోనే చేశాను, సిల్క్ బోర్డు దగ్గర ఆగిపోయినప్పుడు.

ఇడ్లీకి నాలుగు చొప్పున, దోసెకి ఏడు చొప్పున కలిసి 48 కావాలి. దోసె ఒకటైతే 41, పోదు. రెండైతే 34, పోదు. మూడైతే 27, పోదు. నాలుగైతే 20, ఐదు ఇడ్లీలు. ఐదైతే 13, ఆరైతే 6, పోవు. ఐదు ఇడ్లీ, నాలుగు దోసె అని తేలిపోయింది, చాలు అని రాయబోయాను. మీరు 370కి దోసె లేకుండా కూడా చూశారు కదా, అది గుర్తొచ్చి సున్నా వేసి చూశాను. 48ని నాలుగుతో భాగిస్తే 12. పన్నెండు ప్లేట్ల ఇడ్లీ, దోసె అసలు లేదు. అదీ 480యే.

అంటే ఒక్క ఆ మాటతో చెప్పలేం. ప్రశ్నలో "రెండు రకాలూ తీసుకున్నారు" అని ఉంటే చెప్పగలం, నాలుగు దోసెలు. ఆ ముక్క లేకపోతే లేదు. ఇప్పుడు మాక్‌లో తప్పిన నాలుగు ప్రశ్నల్లోనూ స్టేట్‌మెంట్ల పైనున్న వాక్యాన్ని మళ్ళీ చదవబోతున్నాను. అక్కడ "కనీసం ఒకటి" లాంటి మాటని ఎన్నిచోట్ల దాటేశానో చూడాలి.

---

గల్లా అక్క (కగ్గదాసపుర)

కరెక్ట్. సున్నా దగ్గర మా మరిది మూడు రోజులు తిప్పలుపడ్డాడు. తప్పిన నాలుగిట్లో ఏం దొరికిందో ఇక్కడే రాయి, చూస్తాను.